నాడి పట్టని వైద్యం - కాబోయే డాక్టర్లకు కొత్త పాఠం

డాక్టరుగారి దగ్గరకు వెళ్ళడమంటే మనందరికీ అలవాటైన పద్ధతి ఒకటుంది. బల్ల పక్కన స్టూలు మీద కూర్చుంటాం. నాలుక చాపమంటే చాపుతాం. వీపుకి స్టెతస్కోపు ఆనించగానే గట్టిగా ఊపిరి పీలుస్తాం. ఆయన పొట్ట నొక్కి చూసి, కళ్ళ కింద రెప్ప లాగి చూసి, రెండు ముక్కలు చెపితే సగం జబ్బు తగ్గినట్టే ఉంటుంది. చెయ్యి పట్టుకుని చూడనివాడు ఏం డాక్టరండీ అనే పెద్దవాళ్ళు ఇప్పటికీ ప్రతి ఇంట్లోనూ ఉన్నారు.

అయితే 2020లో కరోనా వచ్చి అందర్నీ ఇళ్ళల్లో కూర్చోబెట్టాక, చెయ్యి పట్టకుండానే చేసే వైద్యం మన ఇళ్ళకు వచ్చేసింది. ఫోనులో, వీడియోలో డాక్టరుతో మాట్లాడడం ఇప్పుడు వింతేమీ కాదు. బస్సు ఖర్చు లేదు, క్యూలో కూర్చోనక్కర లేదు, మోకాళ్ళ నొప్పుల బామ్మగారిని మెట్లెక్కించనక్కర లేదు. చాలామందికి ఇది నిజంగా మేలే.

కాని ఒక్క సంగతి ఆలోచించండి. రోగిని ఎదురుగా పెట్టుకుని పరీక్షించడం నేర్చుకోవడానికి వైద్యవిద్యార్థికి ఏళ్ళు పడుతుంది. పెద్ద డాక్టరు వెనకాల వార్డులన్నీ తిరుగుతాడు, వందల పొట్టలు నొక్కి చూస్తాడు, వందల గుండెలు వింటాడు. మరి తెర మీద కనిపించే రోగిని పరీక్షించడం అతనికి ఎవరు నేర్పుతున్నారు? ఫోనులో మాట్లాడడం అందరికీ వచ్చిన పనే కదా, దానికి వేరే చదువు కూడానా అనిపించవచ్చు. అక్కడే పొరపాటు జరుగుతుంది. ఇది వేరే విద్య. సరిగ్గా నేర్చుకున్నవాడి చేతిలో వరం, నేర్చుకోనివాడి చేతిలో ప్రమాదం.

ఇది నిన్నటి మాట కాదు

దూరం నుంచి వైద్యం చెయ్యడం కరోనాతో పుట్టింది కాదు. మన చిత్తూరు జిల్లాలోని అరగొండ గ్రామంలో టెలిమెడిసిన్ కేంద్రం 2000 సంవత్సరంలోనే మొదలైంది. అప్పటి అమెరికా అధ్యక్షుడు బిల్ క్లింటన్ దానికి ప్రారంభోత్సవం చేశారు. ఆ తరవాత ఇస్రో ఉపగ్రహాల ద్వారా మారుమూల ఆసుపత్రులను పెద్ద ఆసుపత్రులతో కలిపింది. 2019లో కేంద్ర ప్రభుత్వం ఇ-సంజీవని మొదలుపెట్టింది. 2023 ఫిబ్రవరి నాటికి దాని ద్వారా జరిగిన సంప్రదింపులు 10 కోట్లు దాటాయి. అప్పటి లెక్కల్లో అన్ని రాష్ట్రాలకంటే ముందున్నది ఆంధ్రప్రదేశే.

అంటే మన పల్లెల్లో, చిన్న పట్టణాల్లో కోట్లసార్లు ఈ తెర ముందు రోగీ డాక్టరూ కూర్చున్నారన్నమాట. కాబట్టి ఆ కూర్చోవడం ఎలా ఉండాలన్నది ఎవరో నిపుణులకు సంబంధించిన విషయం కాదు, మీ ఇంటికి సంబంధించిన విషయం.

మన దేశంలో దీనికి నిబంధనలు 2020 మార్చి 25న వచ్చాయి. ఫోను ద్వారా వైద్యం చెయ్యదలచిన ప్రతి డాక్టరూ ఇందుకోసం ప్రత్యేకమైన శిక్షణ పొందాలని వాటిలోనే రాశారు. అమెరికాలోని వైద్య కళాశాలల సంఘం 2021లో ఇంకొక అడుగు ముందుకు వేసి, ఈ విద్యలో విద్యార్థికి ఏమేం రావాలో ఆరు భాగాలుగా జాబితా ప్రకటించింది. రోగి భద్రత, వివరాలు రాబట్టడం, మాట్లాడే తీరు, నీతి నియమాలు, యంత్రాల వాడకం, పేద గొప్ప తేడా లేకుండా అందరికీ అందడం - ఇవీ ఆ ఆరు.

మూడింటిలో ఒకటి పోయింది

రోగిని పరీక్షించడానికి మన ఆయుర్వేదం మూడు మార్గాలు చెప్పింది. దర్శనం, స్పర్శనం, ప్రశ్న. అంటే చూడడం, తాకడం, అడగడం. ఫోను వైద్యంలో తాకడం పూర్తిగా పోయింది. చూడడం ఒక చిన్న కిటికీలోంచి చూసినంతే మిగిలింది. మాట మాత్రమే అయితే అదీ లేదు. ఇక మొత్తం బరువంతా ప్రశ్న మీదే పడుతుంది.

ప్రశ్న ఆ బరువు మోయగలదా అంటే, చాలావరకు మోయగలదు. 1975లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ఒక పరిశీలన వచ్చింది. కొత్తగా వచ్చిన 80 మంది ఔట్ పేషెంట్లను తీసుకుని, జబ్బు ఏదో తేల్చడానికి ఏది ఎంత ఉపయోగపడిందో లెక్కవేశారు. 66 మంది విషయంలో రోగి చెప్పిన కథా, అతన్ని పంపిన డాక్టరు రాసిన ఉత్తరమూ చాలాయి. ఒంటిని పరీక్షించడం వల్ల ఏడుగురి విషయంలో అభిప్రాయం మారింది, లాబొరేటరీ పరీక్షల వల్ల మరో ఏడుగురి విషయంలో.

దీన్నిబట్టి రెండు సంగతులు తెలుస్తాయి. అడగడం వచ్చినవాడు దూరం నుంచి కూడా చాలా తెలుసుకోగలడు. కాని ఆ మిగిలిన పద్నాలుగు మందిని ఫోనులో మాత్రమే చూసి ఉంటే ఏమయ్యేది? ఎదురుగా కూర్చున్నవాళ్ళు ఎప్పుడు ఆ పద్నాలుగు మందిలోకి వస్తారో కనిపెట్టడమే ఈ విద్యలో అసలు కిటుకు.

మొదటి రెండు నిమిషాలు

విద్యార్థికి ముందుగా నేర్పవలసింది మందుల సంగతి కాదు, కూర్చోవడం. వెలుతురు వెనకనుంచి కాక మొహం మీద పడాలి. కెమెరా కళ్ళకు ఎదురుగా ఉండాలి. తలుపు వేసి ఉండాలి. దారిన పోయేవాళ్ళకు రోగి మాటలు వినపడకూడదు. మాట్లాడేటప్పుడు తెరమీద బొమ్మవైపు కాక కెమెరావైపు చూస్తేనే రోగికి తన మొహం చూస్తున్నట్టు అనిపిస్తుంది. తల వంచి రాసుకునేటప్పుడు "మీరు చెప్పింది రాసుకుంటున్నానండీ" అని ఒక మాట అనాలి. లేకపోతే ఈ డాక్టరు మన మాట వినకుండా ఇంకేదో చూసుకుంటున్నాడని రోగి నొచ్చుకుంటాడు. ఫోనులో మాట ఒక క్షణం ఆలస్యంగా చేరుతుంది. అందుచేత రోగి ఆపిన తరవాత కాస్త ఆగి మాట్లాడాలి. లేకపోతే అసలు సంగతి చెప్పబోతున్న మనిషి నోరు మూసినట్టవుతుంది.

తరవాత నాలుగు ప్రశ్నలు. మీ పేరూ వయసూ ఏమిటి? మీరు ఇప్పుడు ఎక్కడున్నారు? లైను తెగిపోతే ఏ నంబరుకి చెయ్యాలి? మీ పక్కన ఎవరున్నారు? డాక్టరు కూడా తన పేరు చెప్పి, తాను ఎవరో తెలియజేయాలి.

ఎక్కడున్నారన్నది ఊరికే పలకరింపు కాదు. మాట్లాడుతూ మాట్లాడుతూ రోగి కళ్ళు తేలవేస్తే అంబులెన్సును ఎక్కడికి పంపాలి? ఇంటి అడ్రసు హైదరాబాదుది కావచ్చు, మనిషి మాత్రం కూతురి ఇంట్లో కాకినాడలో ఉండవచ్చు. ఈ ఒక్క ప్రశ్న ముందే అడగకపోతే తరవాత అడిగే వ్యవధి ఉండదు.

నాలుగో ప్రశ్న మన ఇళ్ళకు మరీ ముఖ్యం. ఒక కోడలుపిల్ల తెల్లబట్ట అవుతోందని ఫోను చేసిందనుకోండి. ఫోను అత్తగారిది. పట్టుకున్నది ఆడపడుచు. ఆ పిల్ల ఏం చెపుతుంది? "కొంచెం నీరసమండీ" అంటుంది, అంతే. లేదా మొగుడు కొట్టిన దెబ్బకి చెయ్యి వాచిన మనిషి, అతను పక్కనే నిలబడి ఉండగా "కాలు జారి పడ్డాను" అంటుంది. ఆసుపత్రిలోనైతే డాక్టరు మిగతావాళ్ళను బయటకు పంపవచ్చు. తెర అవతల గదిలో ఎవరున్నారో డాక్టరుకి కనపడదు. అందుకని విద్యార్థికి ఈ మాటలు నేర్పాలి: "అమ్మా, ఇప్పుడు మీరు ఒక్కరే ఉన్నారా? అవును, కాదు అంటే చాలు." తరవాత కూడా అవును, కాదులతో సరిపోయే ప్రశ్నలు వెయ్యాలి. అప్పటికీ వీలుకాదనిపిస్తే, "మిమ్మల్ని ఒకసారి ఆసుపత్రిలో చూడాలి, రండి" అని పిలవాలి. ఆ పిలుపే ఒక్కోసారి ఒక ప్రాణాన్ని కాపాడుతుంది.

"గ్యాస్" అన్నాడు సరే, దాని అర్థమేమిటి?

మన విద్యార్థులు చదివేది ఇంగ్లీషు పుస్తకాలు. రోగి మాట్లాడేది ఇంటి తెలుగు. "వేడి చేసింది" అంటాడు. అంటే నోరు పూసిందా, మూత్రం మంటగా ఉందా, గడ్డలు లేచాయా? "నిమ్ము చేసింది" అంటే దగ్గా, ఆయాసమా, జ్వరమా? "కళ్ళు తిరుగుతున్నాయి" అంటే గది గిర్రున తిరుగుతోందా, లేక లేచేటప్పుడు చీకట్లు కమ్ముతున్నాయా? ఎదురుగా ఉంటే చెయ్యి పెట్టి చూపిస్తాడు. ఫోనులో మాటే ఆధారం. కాబట్టి ఒక్కొక్క మాటనూ విప్పి అడగడం నేర్పాలి.

ఒక ఉదాహరణ చూద్దాం. అరవై ఏళ్ళ మనిషి. పదేళ్ళుగా చక్కెర జబ్బు ఉంది. ఉదయం ఫోను చేసి, "రాత్రి నుంచి గ్యాస్ పట్టేసిందండీ, ఏదైనా మాత్ర చెప్పండి" అన్నాడు. తొందరపడే డాక్టరు మాత్ర పేరు చెప్పేస్తాడు. నేర్చుకున్న డాక్టరు ఆగుతాడు. పట్టేసిందంటే ఎక్కడ? నొప్పా, బరువా, మంటా? నడిస్తే ఎక్కువవుతోందా? చెమటలు పట్టాయా? దవడకి గాని, ఎడమ చేతికి గాని, వీపుకి గాని లాగుతోందా? ఆయాసం ఉందా? ఇంతకు ముందు ఎప్పుడైనా ఇలా వచ్చిందా?

చక్కెర జబ్బు చాలాకాలంగా ఉన్నవాళ్ళకు గుండెపోటు ఒక్కోసారి పెద్ద నొప్పి లేకుండానే వస్తుంది. ఆయాసం, చెమట, వాంతి, పొట్ట పైభాగాన బరువు - ఇంతే ఉండవచ్చు. దాన్ని గ్యాస్ అనుకుని ఇంట్లో కూర్చున్నవాళ్ళు ఎందరో. ఇక్కడ ఫోను డాక్టరు చెయ్యవలసిన వైద్యం మాత్ర కాదు, "లేవకండి, నడవకండి, వెంటనే 108కి ఫోను చెయ్యండి" అన్న మాట. ఈ ఇ.సి.జి. తెరమీద రాదని గుర్తుండడమే ఆయన పాండిత్యం.

రోగి చేతులే డాక్టరు చేతులు

తాకడం పోయినా పరీక్ష పూర్తిగా పోలేదు. డాక్టరు చెప్పినట్టు రోగి గాని, ఇంట్లోవాళ్ళు గాని చేస్తే చాలా సంగతులు తెలుస్తాయి. ఇదీ నేర్పవలసిన విద్యే.

పసిపిల్లకు దగ్గు, జ్వరం. తల్లి బిడ్డను ఒళ్ళో పడుకోబెట్టుకుని చొక్కా పైకి తీసి, ఫోను కదలకుండా పట్టుకోవాలి. బిడ్డ ఏడవకుండా ఉన్నప్పుడు పూర్తిగా ఒక నిమిషంపాటు డాక్టరు ఊపిరి లెక్కపెట్టాలి. రెండు నెలల లోపు బిడ్డకు నిమిషానికి 60, రెండు నెలలనుంచి ఏడాది లోపు 50, ఏడాదినుంచి అయిదేళ్ళ లోపు 40, లేక అంతకంటే ఎక్కువ ఉంటే ఎగశ్వాస కింద లెక్క. ఊపిరి పీల్చినప్పుడు డొక్కలు లోపలికి పోతుంటే ఇక ఫోను కట్టేసి ఆసుపత్రికి పంపవలసిందే. దీనికి స్టెతస్కోపు అక్కరలేదు, గడియారమూ ఓపికా కావాలి.

నాడి లెక్క చెప్పమంటే చాలామంది తికమకపడతారు. అందుకు బదులు మణికట్టు దగ్గర వేళ్ళు ఆనించి, కొట్టుకున్నప్పుడల్లా "టక్, టక్" అని పైకి అనమంటే డాక్టరే లెక్కపెట్టుకుంటాడు. లయ తప్పుతోందా అన్నది కూడా కొంత తెలుస్తుంది. కాళ్ళ వాపు ఉందంటే చీలమండ పైన ఎముకమీద బొటనవేలితో కొన్ని సెకన్లు నొక్కి తీసి, గుంట పడిందేమో చూపించమనాలి.

ఇంట్లో రక్తపోటు యంత్రం ఉన్నా, దాన్ని వాడే పద్ధతి తెలియకపోతే అది చెప్పే అంకె తప్పే. అయిదు నిమిషాలు కుదురుగా కూర్చుని, వీపు ఆనించి, పాదాలు నేలకు ఆనించి, చెయ్యి గుండె ఎత్తులో బల్లమీద పెట్టి, మాట్లాడకుండా చూసుకోవాలి. ముందు అరగంటలో కాఫీ, టీ, చుట్ట, సిగరెట్టు పనికిరావు. వేలికి పెట్టే ఆక్సిజన్ యంత్రం గోరింటాకు, గోళ్ళరంగు, చల్లబడిన వేళ్ళ వల్ల తప్పు చెప్పవచ్చు. చామనఛాయకంటే ముదురు రంగు ఉన్నవాళ్ళలో ఉన్నదానికంటే ఎక్కువ చూపించే అవకాశం కూడా ఉంది. అంకె బాగుంది కదా అని ఆయాసపడుతున్న మనిషిని వదిలెయ్యకూడదు.

అలాగే రంగుల విషయంలో తెరను నమ్మకూడదు. కామెర్లు, రక్తం తక్కువగా ఉండడం కెమెరా దీపాల వెలుతురులో సరిగ్గా కనపడవు. కిటికీ దగ్గర పగటి వెలుగులో చూపించమన్నా అనుమానం ఉంటే రక్తపరీక్షకు పంపడమే నయం.

ఎక్కడ ఆగాలి?

మంచి ఫోను డాక్టరుకి ఒక గుర్తు ఉంది. "ఇది ఫోనులో తేలేది కాదు, రండి" అని చెప్పడానికి అతను మొహమాటపడడు. కొత్తగా చదువుకున్న కుర్రాడికి ఈ మాట అనడం కష్టం. రోగి దూరాభారం చెపుతాడు, డబ్బు లేదంటాడు, "ఏదో ఒక మందు రాయండి బాబూ" అని బతిమాలుతాడు. అప్పుడు మెత్తబడితే ఆ మెత్తదనమే హాని చేస్తుంది.

ఛాతీలో బరువు, ఆయాసం, మూతి వంకరపోవడం, చెయ్యి పడిపోవడం, మాట తడబడడం, ఫిట్స్, పాముకాటు, విషం తాగడం, గర్భిణికి రక్తస్రావం, పాలు తాగని పసిబిడ్డ - ఇవి ఫోను సలహాకు తగినవి కావు. పక్షవాతంలో రక్తపు గడ్డను కరిగించే మందు సాధారణంగా నాలుగున్నర గంటల లోపల ఇవ్వాలి. ఆ వ్యవధిలో అరగంట వీడియో మాటలకు పోగొట్టుకుంటే తిరిగి రాదు. ప్రమాద సమయంలో ఫోను వైద్యం ప్రథమ చికిత్సకూ, ఆసుపత్రికి పంపడానికే పరిమితం కావాలని 2020 నిబంధనలు కూడా చెపుతున్నాయి.

మందుల విషయంలోనూ హద్దులున్నాయి. పారాసిటమాల్, ఓ.ఆర్.ఎస్. వంటివి ఏ పద్ధతిలో మాట్లాడినా చెప్పవచ్చు. మరికొన్ని మందులు మొదటిసారి అయితే వీడియోలో చూసిన తరవాతే రాయాలి. ఇంకొన్ని, ఇదివరకు ఎదురుగా చూసిన రోగికి అదే జబ్బుకోసం మాత్రమే రాయాలి. అలవాటు పడే ప్రమాదం ఉన్న మత్తుమందుల జాతివి ఫోనులో రాయనే కూడదు. మందుల చీటీ మీద డాక్టరు రిజిస్ట్రేషన్ నంబరు ఉండి తీరాలి.

ఎలా నేర్పాలి?

ఈత పుస్తకం చదివి రాదు, నీళ్ళలో దిగాలి. ఇదీ అంతే. కాని మొదటిరోజే నిజం రోగిమీద దిగకూడదు కదా. అందుచేత వైద్య కళాశాలల్లో ఒక మంచి పద్ధతి ఉంది. తర్ఫీదు పొందిన ఒక మనిషి రోగి పాత్ర వేస్తారు. వేరే గదిలో కూర్చుని వీడియోలో విద్యార్థితో మాట్లాడతారు. ఒకరు చెవుడున్న ముసలాయన. ఒకరు బిడ్డ ఏడుస్తుంటే కంగారుపడే తల్లి. ఒకరు పక్కన ఎవరో ఉన్నందువల్ల నిజం చెప్పలేని మనిషి. మధ్యలో కావాలనే లైను తెంచుతారు. విద్యార్థి ఏం చేస్తాడో ఉపాధ్యాయుడు గమనిస్తాడు. తిరిగి ఫోను చేశాడా? నంబరు ముందే తీసుకున్నాడా? అయిపోయాక రోగి పాత్ర వేసిన మనిషి "నువ్వు మాట్లాడుతుంటే నాకు ధైర్యంగా అనిపించింది" అనో, "నా మాట పూర్తికాకుండానే మందు చెప్పేశావు" అనో మొహంమీదే చెపుతారు. ఆ ఒక్క మాట పది ఉపన్యాసాల పెట్టు. మన దేశంలో 2019లో మారిన ఎం.బి.బి.ఎస్. పాఠ్యప్రణాళికలో రోగితో మాట్లాడే తీరుకూ, నీతి నియమాలకూ ప్రత్యేకంగా చోటిచ్చారు. తెర ముందు మాట్లాడే తీరును కూడా ఆ పాఠంలో భాగం చెయ్యడం కష్టమేమీ కాదు.

ఆ తరవాతే నిజమైన రోగులు. అప్పుడు కూడా పెద్ద డాక్టరు పక్కన ఉండాలి. సలహాకు బాధ్యత ఆయనదే. విద్యార్థి ఒంటరిగా వైద్యం చెప్పకూడదు.

మన పల్లెల్లో జరిగే పద్ధతికి ఇంకొక పాఠం కావాలి. అక్కడ రోగి ఒక్కడే ఉండడు. ఉపకేంద్రంలో ఆరోగ్య కార్యకర్తో, నర్సో పక్కన కూర్చుని ఉంటుంది. రక్తపోటు ఆమె చూస్తుంది, జ్వరం ఆమె చూస్తుంది. చాలామంది డాక్టర్లు ఆమెతోనే గబగబా ఇంగ్లీషులో మాట్లాడి ముగిస్తారు. రోగి బొమ్మలా కూర్చుంటాడు. ముందు రోగితో మాట్లాడడం, ఆ అమ్మాయిని గౌరవంగా సహాయం అడగడం, ముగ్గురికీ అర్థమయ్యేలా తెలుగులో చెప్పి ముగించడం విద్యార్థికి నేర్పాలి.

చివరి పాఠం అన్నిటికంటే చిన్నది. ఫోను పెట్టేసే ముందు, "నేను సరిగ్గా చెప్పానో లేదో చూసుకోవాలి, మందు ఎలా వేసుకుంటారో ఒకసారి మీరు చెప్పండి" అని అడగడం. "అర్థమైందా?" అని అడిగితే మనవాళ్ళు మర్యాదకైనా "ఆఁ" అంటారు. తిరిగి చెప్పమంటేనే, పొద్దున వెయ్యవలసిన మాత్ర రాత్రి వేసుకోబోతున్నారని బయటపడుతుంది. దానితోపాటు, ఏ లక్షణం కనిపిస్తే ఎంతసేపట్లో ఆసుపత్రికి రావాలో స్పష్టంగా చెప్పాలి. "తగ్గకపోతే రండి" అన్నది సలహా కాదు. "రెండు రోజుల్లో జ్వరం తగ్గకపోయినా, ఈలోగా ఆయాసం వచ్చినా రండి" అన్నది సలహా.

మీరు చెయ్యవలసినది

డాక్టరు ఎంత నేర్చుకున్నా సగం పని మీ చేతుల్లోనే ఉంది. ఫోను చేసే ముందు ఇవి సిద్ధంగా పెట్టుకోండి.

ఒకటి. వేసుకుంటున్న మందుల అట్టలన్నీ ఒక పళ్ళెంలో పెట్టుకోండి. "తెల్ల మాత్ర, గుండ్రంగా ఉంటుంది" అంటే ఎవరికీ తెలియదు. ఆయుర్వేదం, హోమియో, పసరు మందులు కూడా దాచకండి.

రెండు. బాధ ఎప్పుడు మొదలైంది, ఎలా మారింది, నాలుగు వాక్యాలు కాగితం మీద రాసుకోండి. ముఖ్యమైన సంగతి మొదట చెప్పండి.

మూడు. పాత చీటీలు, పరీక్షల కాగితాలు దగ్గర పెట్టుకోండి. వెలుతురు ఉన్నచోట కూర్చోండి. టీవీ కట్టెయ్యండి.

నాలుగు. రోగినే మాట్లాడనివ్వండి. పెద్దవాళ్ళకు బదులు కొడుకులూ కూతుళ్ళూ జవాబులు చెప్పడం మన అలవాటు. అమెరికాలో ఉన్న అబ్బాయి ఇక్కడి నాన్నగారి తరఫున మాట్లాడి మందు రాయించడం మరీ అలవాటైంది. నాన్నగారు కూడా లైనులో ఉండాలి, ఆయన మొహం డాక్టరుకి కనపడాలి. చిన్నపిల్లలకైతే పెద్దవాళ్ళు పక్కన ఉండి తీరాలి.

కొన్ని సందేహాలు

ప్రశ్న: ఎదురుగా చూపించుకుంటానంటే, వద్దు వీడియోలోనే మాట్లాడండి అని డాక్టరు అనవచ్చా?

జవాబు: అనకూడదు. వస్తానన్న రోగిని ఫోను వైద్యానికే బలవంతపెట్టడం తప్పని నిబంధనలే చెపుతున్నాయి. మాట్లాడుతుండగా ఏ దశలోనైనా వద్దనుకుని ఆపే హక్కు మీకూ ఉంది, డాక్టరుకీ ఉంది.

ప్రశ్న: కంప్యూటరు తనంతట తానే జబ్బు చెప్పి మందు రాసి ఇస్తుందట, నమ్మవచ్చా?

జవాబు: మన 2020 నిబంధనల ప్రకారం యంత్రం తనంతట తాను రోగికి సలహా చెప్పడానికి గాని, మందు రాయడానికి గాని వీల్లేదు. డాక్టరుకి సహాయపడవచ్చు. మీతో మాట్లాడి బాధ్యత వహించేవాడు రిజిస్టరైన డాక్టరే అయి ఉండాలి.

ప్రశ్న: ఏ జబ్బులకు ఫోను వైద్యం బాగా పనికి వస్తుంది?

జవాబు: ఇదివరకే ఎదురుగా చూసి తేల్చిన రక్తపోటు, చక్కెర, థైరాయిడ్ వంటి వాటిని మధ్యమధ్య చూపించుకోవడానికి, పరీక్షల ఫలితాలు మాట్లాడుకోవడానికి, మందు పడుతోందో లేదో చెప్పడానికి బాగా పనికి వస్తుంది. మనసుకు సంబంధించిన బాధలకు కూడా చాలామందికి ఉపయోగపడుతోంది. అందుకోసం 2022లో కేంద్రప్రభుత్వం 14416 నంబరుతో టెలి-మానస్ సేవ మొదలుపెట్టింది. కొత్తగా వచ్చిన బాధకు, ముఖ్యంగా నొప్పికి, ఒకసారైనా ఎదురుగా చూపించుకోవడం మంచిది.

మీ ఇంట్లో డాక్టరీ చదివే పిల్లలుంటే ఈ వారం ఒక పని చెయ్యండి. మీ ఇంట్లో పెద్దవాళ్ళనెవరినైనా పక్కగదిలో కూర్చోబెట్టి, ఫోనులో వాళ్ళ బాధ ఏమిటో అడిగి కనుక్కోమని ఆ పిల్లవాడికి చెప్పండి. మందు చెప్పనక్కరలేదు, కనుక్కుంటే చాలు. తరవాత ఆ పెద్దవాళ్ళను అడగండి, మీరు చెప్పదలచుకున్నదంతా వాడు చెప్పనిచ్చాడా అని. ఆ జవాబు వాడికి మంచి పాఠమవుతుంది.